ఇంటర్ హాస్టల్లో చేరాక మా తమ్ముడు ఇన్సులిన్ మానేస్తున్నాడు, ఎలా దారిలో పెట్టాలి?

పల్నాడు_అక్క అడిగారు:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పదహారేళ్ళు, టైప్ 1 షుగర్. ఆరో తరగతిలో ఉండగా బయటపడింది. పదో తరగతి అయ్యేదాకా అన్నీ అమ్మే చూసుకుంది. వేలు గుచ్చి చూడటం, పుస్తకంలో రాయడం, ఎన్ని ఇడ్లీలకి ఎన్ని యూనిట్లో లెక్క కట్టడం, అన్నీ. మూడు నెలల సగటు షుగర్ చెప్పే ఏ1సీ పరీక్షలో ఏడున్నర దగ్గర ఉండేది. డాక్టరుగారు చూసినప్పుడల్లా అమ్మని మెచ్చుకునేవారు.

ఈ జూన్‌లో విజయవాడలో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించాం. దసరా సెలవులకి వచ్చినప్పుడు పరీక్ష చేయిస్తే 11.2 వచ్చింది. మనిషి చిక్కిపోయాడు. రాత్రిళ్ళు ఒంటేలుకి లేస్తూనే ఉన్నాడు. వాడి పుస్తకంలో చూస్తే మాత్రం అన్నీ 130, 140, 125. అంతా ఒక్కరోజే కూర్చుని రాసినట్టు ఒకటే పెన్ను. డాక్టరుగారు మీటర్ మెమరీ తెరిచి చూపించారు. రోజుల తరబడి ఒక్క రీడింగ్ లేదు, ఉన్నవాటిలో 300 దాటినవే ఎక్కువ.

నాన్న గట్టిగా అరిచారు. అమ్మ అన్నం మానేసి కూర్చుంది. వాడిదొకటే మాట, "వేసుకుంటున్నాను, నన్నొదిలేయండి." రాత్రి వేసే లాంటస్ ఇన్సులిన్ వేసుకుంటున్నాడనే అనుకుంటున్నా, ఆ ఇన్సులిన్ పెన్నులు అయిపోతున్నాయి. భోజనానికి ముందు వేసే నోవోరాపిడ్ పెన్నులే మిగిలిపోతున్నాయి.

కాలేజీ మాన్పించి ఇంటికి తెచ్చేద్దామని అమ్మ. వార్డెన్‌ని దగ్గరుండి పొడిపించమందామని నాన్న. వాడికి షుగరని వార్డెన్‌కి తెలుసు, రూమ్మేట్లకి తెలీదు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారాలు హాస్టల్ ఆఫీసు ఫోన్‌కి చేస్తే పది నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆ పది నిమిషాల్లో ఏం అడగాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. ఇలాంటిది దాటొచ్చినవాళ్ళు చెప్పండి.

శ్రీను_కోదాడ:

అక్కా, మా మేనమామకి ఒకాయన చెట్లమందు ఇచ్చారు, పొడపత్రి, కాకర గింజల పొడి. మూడు నెలల్లో మాత్రలు మానేశాడు. చిన్నపిల్లాడికి జీవితాంతం సూదులెందుకు, అడ్రస్ కావాలంటే చెప్తాను.

సిస్టర్_రాజమండ్రి:

శ్రీనుగారూ, మీ మేనమామగారిది టైప్ 2. ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఇంకా తయారవుతోంది. ఈ అబ్బాయికి ఆ కణాలే పోయాయి. మందు ఏదైనా గానీ, ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. నేను పిల్లల వార్డులో నర్సుని. చెట్లమందు నమ్ముకుని సూది ఆపించిన పిల్లల్ని మా దగ్గరికి ఏ స్థితిలో తెస్తారో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. దయచేసి ఆ అడ్రస్ ఎవరికీ ఇవ్వకండి.

పల్నాడు అక్కగారూ, మీకు ముందు ఒకటి చెప్పాలి. 11 దాటి, మనిషి చిక్కిపోయాడంటే తిరిగి హాస్టల్‌కి పంపేముందు కీటోన్లు చూడండి, ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటే పుట్టేవి అవి. మూత్రంలో ముంచే స్ట్రిప్పులు మందుల షాపులో దొరుకుతాయి. కీటోన్లు బాగా ఉంటే అదే రోజు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి.

హాస్టల్ వాళ్ళకి కాగితం మీద రాసి ఇవ్వాల్సింది కూడా ఒకటుంది. షుగర్ ఉన్న పిల్లాడు వాంతులు చేసుకున్నా, కడుపునొప్పి అన్నా, ఎగశ్వాస తీస్తున్నా, నోట్లోంచి మాగిన పండు వాసన వస్తున్నా అది గ్యాసూ కాదు, మెస్ తిండి పడకపోవడమూ కాదు అనుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాంతులవుతున్నాయి, ఏమీ తినలేదు కదా అని ఇన్సులిన్ ఆపకూడదు. హాస్టళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. సోడా తాగించి పడుకోబెడతారు, తెల్లారేసరికి పిల్లాడు లేవడు.

హనుమకొండ_టైప్1:

చెల్లెమ్మా, నాకు ఏడో తరగతి నుంచి టైప్ 1. ఇప్పుడు ముప్పై దాటాయి. ఇంటర్ రెండేళ్ళూ మీ తమ్ముడున్నలాంటి హాస్టల్లోనే గడిపాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట, రాత్రి పెన్ను అయిపోతోంది, పగటి పెన్ను మిగిలిపోతోంది అన్నది. బద్ధకమో మొండితనమో అయితే రెండూ మిగలాలి కదా. వాడు ఇన్సులిన్ మానలేదు. పగటి ఇన్సులిన్ మానాడు. ఈ తేడా మీ నాన్నగారికి ముందు చెప్పండి.

రాత్రిది ఎక్కడ వేసుకుంటాడు? మంచం మీద, లైట్లు ఆరాక, దుప్పట్లో. ఎవరూ చూడరు. మధ్యాహ్నానిది ఎక్కడ వేసుకోవాలి? ఆ మెస్ ఎలా ఉంటుందో మీ ఇంట్లో వాళ్ళకి తెలిసుండదు. గంట కొట్టగానే మూడు ఫ్లోర్ల పిల్లలు ఒక్క మెట్లదారిలో దిగుతారు. చేతిలో స్టీలు కంచం, గ్లాసు. లైన్ కదుల్తూనే ఉంటుంది. వెనకవాడు తోస్తుంటాడు. అన్నం ఎంత పెడతారో వడ్డించేవాడి చెయ్యి తిరిగేదాకా తెలీదు. కూర్చోగానే ఇరవై నిమిషాల్లో స్టడీ అవర్‌కి మళ్ళీ గంట. ఇందులో వాడు పెన్ను తీసి, సూది బిగించి, రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చూసుకుని, డోసు తిప్పి, చొక్కా ఎత్తి పొడుచుకోవాలి, వందలమంది మధ్య, తనకి షుగరని తెలియనివాళ్ళ పక్కన కూర్చుని. లేదంటే బాత్రూమ్‌కి పోవాలి. నేల తడి, గడియ పడదు, పెన్ను పెట్టుకోవడానికి గూడు ఉండదు, బయట ఇంకొకడు తలుపు బాదుతుంటాడు. బయటికొచ్చేసరికి మెస్ లైన్ ఇంకో యాభైమంది పెరిగుంటుంది. ఇంత అవస్థ రోజూ పడటంకన్నా మానేయడం తేలిక. 250 ఉన్నా 300 ఉన్నా ఆ పూటకి ఏమీ తెలీదు, క్లాసులో కాస్త నిద్రొస్తుంది అంతే.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. షుగర్ బాగా పడిపోయి లో అవుతుందన్న భయం. ఒక్కసారి వీకెండ్ టెస్ట్‌లో చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్ళముందు లెక్క కదలకపోతే చాలు, ఆ పిల్లాడు ఇక కావాలనే షుగర్ పైన ఉంచుకుంటాడు. వాడి దృష్టిలో అది తెలివైన పనే. ర్యాంకుల కాలేజీలో చదివేవాడికి పదేళ్ళ తర్వాతి కళ్ళకన్నా శనివారం టెస్టే దగ్గర.

ఈ రెండిట్లో ఏదో నాకు తెలీదు. వాడే చెప్పాలి. "ఎందుకు వేసుకోవట్లేదు" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నకి ఎవరైనా అబద్ధమే చెప్తారు. "మధ్యాహ్నం గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ క్లాసులో కూర్చునేదాకా ఏమేం జరుగుతుందో చెప్పరా" అని అడగండి. మధ్యలో ఆపొద్దు. సలహా ఇవ్వొద్దు. ఆ పది నిమిషాలూ దానికే ఇచ్చేయండి.

రెండోది, అంకెల సంగతి. వాడు 130, 140 అని రాసుకోవడం ఎక్కడ నేర్చుకున్నాడు? 320 అని నిజం చెప్పినరోజు ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. బోస్టన్‌లో జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ అని ఉంది. షుగర్ ఉన్న పిల్లలూ తల్లిదండ్రులూ పని పంచుకోవడం మీద అక్కడివాళ్ళు చాలా కృషి చేశారు, 1999లో ప్రచురించారు కూడా. వాళ్ళు చెప్పేదాంట్లో ముఖ్యమైంది, అంకె వినగానే మొహం మారకూడదని. "మంచి షుగర్", "చెడ్డ షుగర్" అని ఇంట్లో అననే కూడదు. ఎక్కువ, తక్కువ, అంతే. 320 అన్నాడా, "సరే, దించడానికి కరెక్షన్ డోసు ఎంత వేస్తున్నావ్?" అని తర్వాతి పని అడగండి. నిజం చెప్పినందుకు తిట్టు తినకపోతే మళ్ళీ నిజమే చెప్తాడు.

ఈ వయసులో ఇంకో అన్యాయం కూడా ఉంది, దీని గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు. ఎదిగే వయసులో ఒంట్లో ఊరే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వవు. చిన్నప్పుడు సరిపోయిన డోసు ఇప్పుడు సరిపోదు. బరువులో కిలోకి ఒక యూనిట్ దాటడం ఈ వయసులో మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ కావాలి. డోసు పెంచకుండా తిడుతూ పోతే, అన్నీ సరిగ్గా చేసిన రోజు కూడా 260 చూసి "ఏం చేసినా ఇంతే" అని వదిలేస్తాడు. డాక్టరుగారిని తప్పకుండా అడగండి, ఆరో తరగతి నుంచి డోసు ఎప్పుడెప్పుడు మార్చారో.

అమ్మగారి గురించి. మే నెలాఖరు దాకా అన్నీ ఆవిడ చేశారు. జూన్ ఒకటి నుంచి అన్నీ వాడే చెయ్యాల్సొచ్చింది, అదీ కొత్త ఊళ్ళో, కొత్త మనుషుల మధ్య. ఏ పదహారేళ్ళవాడూ అంత బరువు ఒకేసారి మొయ్యలేడు. కాబట్టి పని మళ్ళీ పంచుకోండి. రాత్రి లాంటస్ వాడిదే, దాన్ని తాకకండి, "అది నువ్వు బాగా చేస్తున్నావ్" అని మాత్రం నోరారా చెప్పండి. మధ్యాహ్నం డోసుకి చోటు చూపించడం పెద్దవాళ్ళ పని. వార్డెన్ రూమో, ఫస్ట్ ఎయిడ్ రూమో, మెస్ పక్కనే తలుపు వేసుకోగలిగే గది ఏదైనా. గంటకి పది నిమిషాల ముందు క్లాసులోంచి వదలాలి. నాన్నగారు అన్నట్టు వార్డెన్ ఉండొచ్చు, కాపలాకి కాదు, ఆ గది తాళం తియ్యడానికి. హాస్టల్లో ఫోనులుండవు కదా, అలారం ఉన్న చేతిగడియారం ఒకటి కొనివ్వండి.

వారానికోసారి మీరూ వాడూ మీటర్ మెమరీలోంచి అంకెలు చదువుకోండి. వాడు చదవాలి, మీరు రాసుకోవాలి.

అన్నం లెక్కకి ఒక చిట్కా. మెస్ గరిటె ఎంతదో వాడిని చూసి రమ్మనండి. అంతే గరిటెతో ఇంట్లో అన్నం తీసి కప్పుతో కొలవండి. ఒక కప్పు అన్నంలో పిండిపదార్థం సుమారు 45 గ్రాములు. "రెండు గరిటెలకి ఇంత, మూడు గరిటెలకి ఇంత" అని డాక్టరుగారితోనే రాయించుకుంటే లైన్లో నిలబడి బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు.

కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి అని మాత్రం భయపెట్టకండి. ఆ సంగతి వాడికి మీకన్నా బాగా తెలుసు. పెద్దవాళ్ళు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 దాకా 13 ఏళ్ళ పిల్లల నుంచి 39 ఏళ్ళ వాళ్ళ దాకా 1441 మంది టైప్ 1 వాళ్ళ మీద పెద్ద అధ్యయనం జరిగింది. ఏ1సీని 9 దగ్గర్నుంచి 7 దగ్గరికి తెచ్చుకున్నవాళ్ళలో, అప్పటికి కళ్ళు బాగున్నవాళ్ళకి కంటి జబ్బు రావడం 76 శాతం తగ్గింది. ఆ మేలు తర్వాత చాలా ఏళ్ళు నిలిచింది కూడా. అందుకని ఒక్కసారిగా 7 కావాలని పట్టుబట్టకండి. 11 నుంచి 9కి దిగినా కళ్ళకీ కిడ్నీలకీ పెద్ద ఊరటే. ఆ దిగిన రోజు ఇంట్లో పండగ చెయ్యండి.

కాలేజీ మాన్పించడం నా మటుకు నాకు నచ్చలేదు. షుగర్ వల్ల చదువు పోయిందని వాడి మనసులో పడితే, ఆ తర్వాత సూది అంటేనే అసహ్యం పుడుతుంది. ముందు గది అడగండి. ఇవ్వనంటే అప్పుడు కాలేజీ మార్చండి, చదువు కాదు.

కాకినాడ_అమ్మ:

మా అమ్మాయికి పద్నాలుగు. నాలుగో తరగతి నుంచి ఇన్సులిన్. హనుమకొండ తమ్ముడు అంతా చెప్పాడు, ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మగారన్న మాట గురించి మాత్రం నేను చెప్తాను.

మా అత్తగారూ అదే అన్నారు. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, బయట పొక్కనివ్వకు అని. నేను ఒప్పుకోలేదు. దాచమంటే ఆ పిల్లకి ఏమని చెప్తున్నట్టు? నీ ఒంట్లో సిగ్గుపడాల్సిందేదో ఉందని. పైగా క్లాసులో లో అయి పడిపోతే నోట్లో పంచదార వెయ్యడానికి కూడా ఎవరికీ తెలిసుండదు. టీచరుకి, పక్కన కూర్చునే ఇద్దరికి మా పాపే చెప్పింది, నేను కాదు. చూపించింది కూడా, పెన్ను ఎలా తిప్పాలో. ఇప్పుడు ఆ పిల్లలే "వేసుకున్నావా?" అని అడుగుతారు. మేమడిగితే విసుక్కుంటుంది, వాళ్ళడిగితే విసుక్కోదు.

మా ఆయనకీ షుగర్, టైప్ 2. పొద్దున్నే ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వేళ్ళు గుచ్చుకుంటారు. ముందు నాన్న, తర్వాత పాప. ఆయనకి 190 వస్తే పాప "నాన్నా, రాత్రి పాయసం" అంటుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ఇది మేం అనుకుని పెట్టుకున్నది కాదు, అలా అలవాటైంది.

ఆడపిల్లలున్నవాళ్ళకి ఒక్క మాట. ఇన్సులిన్ మానేస్తే బరువు తగ్గుతామని ఈ వయసులో కొందరు పిల్లలు కనిపెడతారు. ఊరికే సన్నబడుతుంటే, ఏ1సీ పెరుగుతుంటే అది మనసులో పెట్టుకోండి. తిట్టకుండా డాక్టరుతో, కుదిరితే మానసిక వైద్యులతో మాట్లాడించండి.

సిస్టర్_రాజమండ్రి:

కాకినాడ అమ్మగారు చెప్పింది నిజం. రూమ్మేట్లలో ఒక్కడికైనా తెలియాలి, ఎవడికి చెప్పాలో మీ తమ్ముడే ఎంచుకోవాలి. ఆ రూమ్మేట్‌కి ఇంత నేర్పితే చాలు: 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంటకి మళ్ళీ చూడాలి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. తెలివి లేకుండా ఉంటే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి.

ఈసారి చూపించినప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి గడ్డలున్నాయేమో చూడమనండి. దుప్పట్లో చీకట్లో వేసుకునే పిల్లలు ఒకేచోట పొడుస్తుంటారు. ఆ గడ్డలో వేస్తే ఇన్సులిన్ సరిగా ఎక్కదు.

పల్నాడు_అక్క:

అందరికీ చేతులెత్తి దణ్ణం. సిస్టర్ గారూ, కీటోన్లు చూశాం, కొద్దిగా ఉన్నాయి. డాక్టరుగారు డోసు పెంచారు, రెండ్రోజులు ఇంట్లోనే ఉంచుకుని తర్వాత పంపాం.

అన్నా, మీరు చెప్పినట్టే అడిగాను. గంట కొట్టిన దగ్గర్నుంచి చెప్పరా అని. మొదట ఏముంటుందక్కా అన్నాడు. తర్వాత చెప్పాడు. ఆగస్టులో ఫిజిక్స్ టెస్టు, మధ్యాహ్నం. వేసుకుని వెళ్ళాడు, మెస్‌లో అన్నం అయిపోయి కాసిని పెరుగన్నం మెతుకులే దొరికాయట. పరీక్షలో వణుకొచ్చింది. ఇన్విజిలేటర్‌ని అడగడానికి సిగ్గేసి కూర్చున్నాడు. పేపర్ సగం ఖాళీ. దాంతో కింది సెక్షన్‌కి దింపేశారు. అప్పట్నుంచి టెస్టు రోజు మానేశాడు, తర్వాత అన్ని రోజులూ మానేశాడు. మాకెవరికీ చెప్పలేదు. నాన్న విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళొచ్చారు. ఫస్ట్ ఎయిడ్ రూమ్ ఇస్తామన్నారు. టెస్టులో గ్లూకోజ్ దగ్గర పెట్టుకోనిస్తారో లేదో ఇంకా తేల్చలేదు.

ఇంకో ప్రశ్న. పెన్ను కార్ట్రిడ్జ్‌లు ఖరీదవుతున్నాయి. మా ఊళ్ళో మందుల షాపాయన సీసా ఇన్సులిన్ చవక, సిరంజితో వేసుకోవచ్చు అన్నారట. ఇంట్లో పాత సిరంజిలు ఉన్నాయి, వాటితో కార్ట్రిడ్జ్‌లోంచి కూడా తీసుకోవచ్చు అన్నారు. నిజమేనా?

హనుమకొండ_టైప్1:

వాడు నోరు విప్పి చెప్పాడు చూడండి, మీరు అడిగిన తీరుకే. చాలా సంతోషంగా ఉంది చెల్లెమ్మా. ఇకమీదట మెస్‌లో కంచంలోకి అన్నం వచ్చాకే డోసు వెయ్యొచ్చా అని డాక్టరుగారిని అడగండి. నోవోరాపిడ్ త్వరగా పనిచేసేది కాబట్టి తినడానికి కూర్చున్నప్పుడు వేసుకున్నా కుదురుతుంది. టెస్టుల సంగతికి, సీబీఎస్ఈ 2017లోనే షుగర్ ఉన్న పిల్లలు బోర్డు పరీక్షలోకి షుగర్ బిళ్ళలు, పండ్లు తీసుకెళ్ళొచ్చని సర్క్యులర్ ఇచ్చింది. జేఈఈ మెయిన్ నిబంధనల్లో కూడా షుగర్ బిళ్ళలు, అరటి, యాపిల్ లాంటి పండ్లు, కనిపించే నీళ్ళసీసా అనుమతిస్తారు. ఆ పేజీ ప్రింటు తీసి, డాక్టరుగారి ఉత్తరంతో కలిపి ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి. జేఈఈలో ఒప్పుకున్నది వీకెండ్ టెస్టులో కాదనలేరు.

సిరంజి సంగతి మాత్రం జాగ్రత్త. పాత సిరంజిలతో కార్ట్రిడ్జ్‌లోంచి అస్సలు తియ్యొద్దు. మన దగ్గర చవకగా దొరికే సీసాలు చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటి సిరంజి మూత ఎరుపు. పెన్ను కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో పది గీతల దాకా లాగితే ఒంట్లోకి పోయేది పది కాదు, ఇరవై అయిదు. ప్రాణం పోయేంత లో అవుతుంది. 100కి వేరే సిరంజి, నారింజరంగు మూత. అదీగాక చవక సీసా అంటే ఎక్కువగా రెగ్యులర్ ఇన్సులిన్ అయ్యుంటుంది. అది అరగంట ముందు వెయ్యాలి, ఆ మెస్‌లో మళ్ళీ పాత చిక్కే. ఏది మార్చాలన్నా మీ డాక్టరుగారే రాయాలి. పిల్లలకి ఉచితంగా ఇన్సులిన్, స్ట్రిప్పులు ఇచ్చే కార్యక్రమాలు కొన్ని ఆసుపత్రుల్లో నడుస్తున్నాయి, ఆయన్నే అడిగితే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. ఈలోపు షాపాయన ఏ సీసా ఇచ్చినా డబ్బా మీద 40 ఉందా 100 ఉందా చూసి, ఫోటో ఇక్కడ పెట్టండి.